గోడ నిలిచే ఉంది, రాళ్లు ఆగలేదు: ఒక కంకర క్వారీ కేసు

ఉత్తరాంధ్ర తీరానికి కొంత లోపలగా, తూర్పు కనుమల అంచున ఉన్న ఒక కంకర క్వారీ గురించి ఇది. ఊరు, యజమాని, సంవత్సరం చెప్పడం లేదు. కొలతలు కొన్నింటిని గుండ్రం చేశాను కానీ లెక్క తారుమారయ్యేంతగా మార్చలేదు. రాతి గోడల స్థిరత్వం చూసే ఉద్యోగంలో ఇంతకంటే ఘోరమైనవి చూశాను. 2025 ఆగస్టులో బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో బండలు విరిగిపడి ఒడిశా కార్మికులు ఆరుగురు చనిపోయిన వార్త చదివినవారికి ఈ కేసు చిన్నదిగా తోచవచ్చు, ఎందుకంటే ఇక్కడ ఎవరికీ గాయం కూడా కాలేదు. అయినా రాయడానికి కారణం ఉంది. అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటి, రాళ్లు మనుషుల దాకా రావడానికి కారణం మరొకటి. ఆ రెండింటి మధ్య దూరం క్వారీ భద్రత నివేదికల్లో తరచుగా కనబడదు.

నేపథ్యం

కొండలో ఎక్కువ భాగం చార్నొకైట్. గట్టి, నల్లటి, కంకరకు మంచి రాయి. దాని మధ్య అక్కడక్కడ ఖొండలైట్ పట్టీలు. విశాఖ చుట్టుపక్కల ఎర్రకొండలు చూసినవారికి ఈ రాయి పరిచయమే. ఎండకూ వానకూ ఖొండలైట్ తొందరగా చివికిపోతుంది, అందులోని ఫెల్స్పార్ తెల్లటి సుద్దమట్టిగా మారుతుంది. ఆ సుద్ద పొరల మధ్య సన్నటి పూతలా నిలిచిపోతుంది. ఎండాకాలంలో గోరుతో గీకితే పొడి రాలుతుంది, వానాకాలంలో వేలు పెడితే జారుతుంది.

పొరల వరుస ఈశాన్యం నుంచి నైరుతికి సాగి, ఆగ్నేయం వైపు సుమారు 55 డిగ్రీలు దిగుతుంది. ఈ కనుమల్లో చాలాచోట్ల కనిపించే తీరే ఇది. దీన్ని అడ్డంగా కోసే పగుళ్లు రెండు వరుసలు. వాటిలో ముఖ్యమైనది పడమర-నైరుతి వైపు దాదాపు 60 డిగ్రీలు వాలిన వరుస. రెండోది ఇంచుమించు నిటారుగా ఉంటుంది. అది రాయిని వెనకనుంచి విడదీస్తుందే తప్ప జారడానికి దారి ఇవ్వదు.

క్వారీని పడమర నుంచి తెరిచారు. కాబట్టి గుంతకు రెండు పెద్ద గోడలు. ఆగ్నేయపు గోడ పాతది, 30 మీటర్ల ఎత్తు, వాయవ్యానికి ముఖం పెట్టి ఉంటుంది. ఉత్తరపు గోడ కొత్తది, 24 మీటర్లు, దక్షిణం వైపు చూస్తుంది. పాత గోడ లీజు హద్దుకు దగ్గరపడటంతో ఇటు తిరిగారు. ఈ దిశలు గుర్తుపెట్టుకోండి, కథ అంతా వీటి మీదే నడుస్తుంది.

1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో 106వ నిబంధన ప్రకారం గట్టి నేలలో బెంచి, అంటే గోడలో మెట్టులా కోసి వదిలే అంచె, ఎత్తు 6 మీటర్లు దాటకూడదు. గోడ కాళ్లు తొలిచి పైభాగాన్ని వేలాడదీయకూడదు. అంచు నుంచి 3 మీటర్ల లోపు వదులు రాయి ఉండకూడదు. క్వారీ ప్లానులో ఇవన్నీ ఉన్నాయి, బెంచి వెడల్పు 6 మీటర్లని కూడా ఉంది. గుంతలో నిలబడి తలెత్తి చూస్తే 6 మీటర్ల బెంచి చాలాచోట్ల సగానికి చిక్కిపోయి ఉంది. ఉత్తరపు గోడ మూలలోనైతే రెండు బెంచీలు కలిసిపోయి 12 మీటర్ల నిలువు ఫేస్ (కోసిన గోడ ముఖం) అయింది. మిగిలిన బెంచీ మీద పేలుడు మట్టి, రాళ్ల చూర ఏటవాలుగా పేరుకుని ఉంది.

నన్ను పిలిచిన సందర్భం

తుపాను వాన రెండు రోజులు కురిసి వెలిసింది. పని మళ్లీ మొదలైన రోజు మధ్యాహ్నం, కార్మికులు షెడ్డులో భోజనానికి కూర్చున్న సమయంలో ఉత్తరపు గోడ పైనుంచి ఒక బండ ఊడింది. మిగిలిన గుంటను బట్టి చూస్తే సుమారు 3 ఘనమీటర్లు, అంటే 8 టన్నులు. రెండో బెంచి మీద పడి పగిలింది. ముక్కల్లో చాలావరకు అక్కడే ఆగాయి. అరటన్ను ముక్క ఒకటి మాత్రం బెంచి దాటి, గోడ అడుగు నుంచి 17 మీటర్ల దూరంలో నిలిపిన కంప్రెసర్ చక్రం విరిచి ఆగింది. అరగంట ముందు ఆ కంప్రెసర్ పక్కనే డ్రిల్లర్లు ఇద్దరు పని చేస్తున్నారు.

ఆఫీసు బల్ల మీద పాత నివేదిక ఉంది. వేరే సలహాదారులు ఇచ్చినది. భద్రతా గుణకం (నిలబెట్టే బలం జార్చే బలానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, 1 కిందికి దిగితే జారుతుంది) 1.8, గోడ స్థిరం అని ముగింపు. యజమాని అడిగింది సూటిగానే: "సార్, పని మొదలుపెట్టవచ్చా, కూడదా? ఒక్క మాట రాసివ్వండి."

అలాంటి ఒక్క మాట రాయడానికి నేను ఒప్పుకోలేదు. మొండితనంతో కాదు. ఆ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. గోడ మొత్తం కూలుతుందా? ఏ గోడలో ఏ మూల నుంచి విడి బండలు ఊడతాయి? ఊడిన బండ మనిషి నిలబడే చోటుకు వస్తుందా? 1.8 అన్న అంకె మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు, అదీ సరిగ్గా కాదు. మట్టికట్ట జారినట్టు గోడ గుండ్రటి గీత మీద జారుతుందని ఊహించి వేసిన లెక్క అది. గట్టి రాయి అలా జారదు. ముందే ఉన్న పగుళ్ల వెంబడి జారుతుంది. పైగా క్వారీలోని పగుళ్లన్నింటినీ కలిపి సగటు తీసి, ఆ సగటును పాత గోడకు మాత్రమే వర్తింపజేశారు. ఉత్తరపు గోడ అప్పటికి తెరవనే లేదు. నివేదిక తప్పు కంటే, దాన్ని ఆ తర్వాత తెరిచిన గోడకు కూడా పూచీగా వాడుకోవడం పెద్ద తప్పు.

గోడ గోడకూ విడిగా చూడటం

కాబట్టి మొదటి నిర్ణయం, క్వారీని ఒక్క వస్తువుగా చూడటం మానేయడం. రెండు గోడలనూ ముఖం తిరిగిన దిశను బట్టి ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కలో పగుళ్ల వాలు, దిశ, పొడవు, గరుకుతనం, మధ్యలో సుద్ద ఉందా లేదా కొలిచాం. కింద నిలబడటం క్షేమం కాని చోట్ల ఎదుటి గట్టు మీద నుంచి వరుసగా ఫోటోలు తీసి, వాటితో త్రిమితీయ నమూనా కట్టి, అందులో కొలిచాం. ఈ పద్ధతి బెంచి వెడల్పులకు చాలా బాగుంటుంది. నీడలో ఉన్న పగుళ్లను మాత్రం తప్పిస్తుంది, అందుకని చేరగలిగిన చోట దిక్సూచితో సరిచూడటం వదల్లేదు.

పాత గోడలో పొరలు కొండ లోపలికి దిగుతున్నాయి. జారడానికి దారి లేదు. ఇంతవరకూ పాత నివేదిక సరైనదే. కానీ లోపలికి దిగే పొరలకు మరో ప్రమాదం ఉంది. అలమారలో ఒరిగిన పుస్తకాల్లా ఒకదాని మీద ఒకటి ముందుకు బోర్లాపడతాయి. దీనికి తెలిసిన షరతు ఒకటి ఉంది: 90 నుంచి పొరల వాలు తీసేసి, ఘర్షణ కోణం (రాయి మీద రాయి జారడం మొదలయ్యే వాలు) కలిపితే వచ్చేది గోడ వాలు కంటే తక్కువైతే పొరలు ఒకదానిపై ఒకటి జారి ఒరగగలవు. ఇక్కడ 90లో 55 పోగా 35, దానికి 35 కలిపితే 70. గోడ వాలు 80. షరతు నెరవేరుతోంది. అయితే చార్నొకైట్‌లో పొరలు బిగిసి ఉన్నాయి, విడివిడి పలకలుగా లేవు, కాబట్టి అక్కడ భయం లేదు. ఖొండలైట్ పట్టీలో పొరలు నోరు తెరిచి ఉన్నాయి. లెక్క రెండింటికీ ఒకటే అయినా, ప్రమాదం రెండోచోటే. కాగితం మీద షరతు నెరవేరిందని గోడంతా ఎర్రరంగు పూయడం కూడా ఒక రకమైన బద్ధకమే.

ఉత్తరపు గోడ కథ వేరు. ఆగ్నేయానికి దిగే పొరలు, పడమర-నైరుతికి దిగే పగుళ్లు ఒకదాన్నొకటి కోసుకునే గీత దాదాపు దక్షిణానికి, సుమారు 42 డిగ్రీల వాలుతో దిగుతుంది. ఉత్తరపు గోడ ముఖం అటే. అంటే ఆ రెండూ కలిసి చెక్కిన ప్రతి చీలిక ఆకారపు బండకూ, అనగా వెడ్జ్‌కూ గోడలోంచి బయటికి జారే దారి తెరిచే ఉంది. పగుళ్లు శుభ్రంగా, గరుకుగా ఉండి ఘర్షణ కోణం 35 అనుకుంటే పొడిగా ఉన్నప్పుడు భద్రతా గుణకం సుమారు 1.1. రెండు పక్కల మధ్య ఇరుక్కుని ఉండటం వల్ల ఆ మాత్రం దక్కుతోంది. సుద్ద పూత ఉంటే ఘర్షణ కోణం 25 లోపుకు పడిపోతుంది, నీళ్లు లేకుండానే గుణకం 1 కిందికి దిగుతుంది. మరి ఇన్నాళ్లు ఎలా నిలిచాయంటే, పగుళ్లు పూర్తిగా కలవక మధ్యలో మిగిలిన రాతి వంతెనలు పట్టుకుని ఉన్నాయి. పేలుడు అదురు వాటినే విరుస్తుంది.

నీటి బలం ఎంతో తెలియనివారికి ఒక అంకె చెబుతాను. వెనక పగులులో 3 మీటర్ల ఎత్తు నీరు నిలిస్తే, ప్రతి మీటరు పొడవుకూ సుమారు 44 కిలోన్యూటన్లు, అంటే నాలుగున్నర టన్నుల తోపుడు. పగులు వెంట్రుకంత సన్ననిదైనా ఇంతే. పగులు వెడల్పుతో నీటి ఒత్తిడికి సంబంధం లేదు, ఎత్తుతోనే. "సన్నటి పగులే కదా" అన్న మాట క్వారీల్లో ఎన్నిసార్లు విన్నానో.

అయితే ఈ పగుళ్ల పొడవు చాలావరకు 3, 4 మీటర్లే. కాబట్టి వెడ్జ్‌లు కూడా కొన్ని ఘనమీటర్లకు మించవు. గోడ మొత్తం కూలే అవకాశం నిజంగానే తక్కువ. గోడ నిలబడుతుంది, బండలు ఒక్కొక్కటిగా ఊడుతుంటాయి. ఇక్కడికి రెండో ప్రశ్న తేలింది.

వాళ్లు చేసినవి, మేం చేసినవి, పని చేయనివి

నేను వెళ్లేసరికే మేనేజరు ఊరుకోలేదు. ప్రొక్లెయిన్‌ను కింద నిలిపి, చేయి అందినంత మేర వదులు రాళ్లు దులిపించారు. చేయి అందేది 7, 8 మీటర్లు. ఊడేవి 18 మీటర్ల పైన. పైగా బకెట్ పళ్లతో గోడ కాళ్ల దగ్గర గీకేసరికి అక్కడ చిన్న గుహలా తొలుచుకుపోయింది. తీసిన రాళ్ల కంటే కొత్తగా ఆధారం పోగొట్టుకున్న రాళ్లే ఎక్కువ. తర్వాత తాళ్లు కట్టుకుని గునపాలతో పైనుంచి దిగారు. అది కొంత పనికొచ్చింది, కానీ తర్వాతి పేలుడుతో మళ్లీ మొదటికే వచ్చింది. గునపం ఈరోజు వదులుగా ఉన్న రాయిని దింపుతుంది, రేపటి పేలుడు వదులు చేయబోయేదాన్ని కాదు.

ఇనుప వల పరచాలన్న సూచన యజమాని నుంచే వచ్చింది, ఎక్కడో ఘాట్ రోడ్డు మీద చూశారట. వద్దన్నాను. ముందుకు జరుగుతూ ఉండే ఫేస్‌కు వల కడితే ప్రతి పేలుడుకూ విప్పి కట్టాలి, ఆ పని చేసేవాళ్లు సరిగ్గా ప్రమాదం ఉన్నచోటే గంటలకొద్దీ ఉండాలి. పైగా టన్నుల బరువు ముక్కకు తేలికపాటి వల ఆగదు. ఇక కదలని శాశ్వత గోడ అయితే ఆలోచించేవాణ్ని.

పగుళ్ల మీద సిమెంటు ముద్దలు పెట్టి అవి చీలితే కదలిక అనుకుందామని మేం పెట్టినవి కూడా నిష్ఫలమయ్యాయి. పేలుడు అదురుకే అన్నీ చీలాయి. ఏది కదిలిందో, ఏది కదలలేదో తెలియలేదు. వాటి బదులు పగులుకు అటూ ఇటూ ఇనుప పిన్నులు దిగగొట్టి, మధ్య దూరం కొలిచి రాయడం మొదలుపెట్టాం. చవక, మొరటు పద్ధతి. చీలిందా లేదా అని కాకుండా ఎంత తెరుచుకుందో చెబుతుంది కాబట్టి పనికొచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ ఖర్చుపెట్టి విఫలమైనది పైనుంచి బెంచీలు తిరిగి కోసే ప్రయత్నం. నిబంధన ప్రకారం సరైన మందు అదే. కొండ తలమీదికి చిన్న ప్రొక్లెయిన్‌ను ఎక్కించి చివికిన పైభాగాన్ని వెనక్కి కోయడం మొదలైంది. కోసిన మట్టిని మోయడానికి పైకి టిప్పరు దారి లేదు. ఉన్న దారిని ఏనాడో తవ్వేశారు. మట్టి అంతా అంచు మీదుగా కిందికే జారి, అప్పటికే నిండిన బెంచీలను ఇంకా నింపింది. రాళ్లు మునుపటికంటే దూరం దొర్లడం మొదలైంది. అది చూశాకే మూడో ప్రశ్న మీద అనుమానం బలపడింది, పైపని ఆపించాం.

రాళ్లు దొర్లించి చూడటం

సెలవు రోజు చూసుకుని, కింద మనుషులనూ యంత్రాలనూ పూర్తిగా ఖాళీ చేయించి, సైరన్ మోగించి, యంత్రం చేరగలిగిన పై బెంచి నుంచి సున్నం పూసిన రాళ్లను ఒక్కొక్కటిగా తోశాం. ఎదుటి గట్టు నుంచి ఫోనుతో వీడియో. ఎక్కడ తగిలింది, ఎటు ఎగిరింది, ఎక్కడ ఆగింది.

బెంచి శుభ్రంగా ఉన్న పడమటి కొసన తోసిన రాళ్లు చాలావరకు బెంచి మీదే ఆగాయి. దాటినవి కూడా గోడ అడుగు నుంచి 5 మీటర్లు మించలేదు. చూర పేరుకున్న మూలలో అదే పరిమాణం రాళ్లు 12 మీటర్లు దాటాయి, ఒకటి 20 కూడా దాటింది. ఎత్తు దాదాపు ఒకటే, రాయి ఒకటే. తేడా బెంచి మీది ఏటవాలు కుప్పే.

దీని వెనక లెక్క సులువైనది. 6 మీటర్లు నిలువుగా పడిన రాయి బెంచిని తాకేటప్పుడు వేగం సెకనుకు దాదాపు 11 మీటర్లు. బల్లపరుపు నేల మీద పడితే ఆ వేగంలో ఎక్కువ భాగం దెబ్బలోనే పోతుంది. 40 డిగ్రీల ఏటవాలు కుప్ప మీద పడితే పోదు, బయటివైపు తిరుగుతుంది. అలా సెకనుకు 6 మీటర్ల వేగంతో బయటికి దూకిన రాయి, కింద మరో 12 మీటర్లు ఉంటే, నేలను తాకడానికి ఒకటిన్నర సెకను పైచిలుకు పడుతుంది. ఆలోపు 9 మీటర్లు ముందుకు పోతుంది. తర్వాత దొర్లేది అదనం. అంటే రాళ్లను ఆపడానికి వదిలిన బెంచీయే వాటిని మనుషుల మీదికి విసురుతోంది.

కంప్యూటర్ నమూనా ముందే వేసి చూశాం. బెంచీని ప్లానులో ఉన్నట్టు చదునుగా గీసి, సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే ఎగురుడు విలువలతో నడిపితే ఏ రాయీ 8 మీటర్లు దాటలేదు. కంప్రెసర్ విరిగింది 17 దగ్గర. కుప్పను ఉన్నదున్నట్టు గీసి, వీడియోలకు సరిపడేలా విలువలు మార్చాకే నమూనా మాట నమ్మదగ్గదిగా వచ్చింది. ఇలాంటి నమూనాను క్వారీలో ఒక్క రాయి కూడా దొర్లించకుండా వాడేవారి అంకెలను నేను నమ్మను.

పని చేసినవి

వరుస ముఖ్యం కాబట్టి వరుసగానే చెబుతాను. మొదట మనుషులను దూరం చేయడం. ఉత్తరపు గోడ అడుగు నుంచి 25 మీటర్లు ఎవరూ వెళ్లకూడదని గీత. 20 ఎందుకు కాదని మేనేజరు వాదించారు. 20 దాటిన రాయిని స్వయంగా చూశాక 20 దగ్గర గీత గీయలేం కదా. దాంతో అడుగు నేలలో మూడో వంతు పోయింది, లోడింగ్ ఆగింది. పని పూర్తిగా ఆపకుండా, పాత గోడలో చార్నొకైట్ బిగిసి ఉన్న నడిమి భాగానికి లోడింగ్ మార్చాం. ఆ భాగానికి మాత్రమే రాతపూర్వకంగా ఒప్పుకున్నాను.

తర్వాత గీత దగ్గర పెద్ద బండలతో మనిషెత్తు కట్ట, దానికి గోడ వైపున కందకం. ఇనుప వలకయ్యే ఖర్చులో చిన్న వంతు, పైగా క్వారీలో బండలకు కొదవా. కందకం అడుగున చూర పరిచాం. గట్టి నేల మీద ఎగిరే రాయి చూరలో కూరుకుంటుంది. అదే చూర బెంచి మీద ఏటవాలుగా ఉంటే శత్రువు, కందకంలో చదునుగా ఉంటే మిత్రుడు.

ఆ పైన బెంచీల శుభ్రం. పడమటి కొస నుంచి, శుభ్రమైన బెంచి మీద యంత్రం నిలబడి ముందున్న కుప్పను వెనక్కి లాగుతూ వెళ్లడం. మెల్లటి పని. కుప్ప పూర్తిగా పోయాక మళ్లీ రాళ్లు దొర్లించి చూస్తే మూలలో కూడా చాలావరకు 6 మీటర్ల లోపే ఆగాయి. అయినా గీతను వెనక్కి జరపలేదు. 12 మీటర్ల నిలువు ఫేస్ ఇంకా అలాగే ఉంది. బెంచి వెడల్పుకు వాడుకలో ఉన్న ఒక సూత్రం ప్రకారం ఎత్తులో ఐదో వంతుకు 4.5 మీటర్లు కలపాలి. 6 మీటర్ల ఎత్తుకు 5.7, 12 మీటర్లకు 6.9. ఆ మూలలో మిగిలింది 3.

బెంచి ఎందుకు చిక్కిపోయిందన్న ప్రశ్న మమ్మల్ని డ్రిల్లింగ్ దగ్గరికి తీసుకెళ్లింది. అడుగు సాఫీగా రావడానికి రంధ్రాలను బెంచి మట్టం కంటే ముప్పావు మీటరు కిందికి దింపడం ఇక్కడి అలవాటు. ఆ కింది ముప్పావు మీటరు తర్వాత మిగలబోయే బెంచి అంచు. అంటే బెంచి పుట్టకముందే దాని అంచు పగిలిపోతోంది. చివరి వరుసలో ఈ అదనపు లోతు మాన్పించాం, పేలుడు మందు తగ్గించాం. చివరి గీత వెంబడి ముందుగా పేల్చే దగ్గరదగ్గర రంధ్రాలు జాక్ హామర్‌తో వేసి చూస్తే వంకరపోయాయి, 6 మీటర్ల లోతుకు ఆ యంత్రం చాలదు. వ్యాగన్ డ్రిల్ తెప్పించి దాదాపు మీటరుకొకటి వేశాక ఉత్తరపు గోడ నునుపుగా తేలింది. పాత గోడలో మాత్రం ఇది పని చేయలేదు. అక్కడ రంధ్రాల గీత పొరల వరుసకు సమాంతరం, విరుగు మన గీతను వదిలి పొర వెంబడే పోయింది.

ఊడటానికి సిద్ధంగా ఉన్న వెడ్జ్‌లలో గుర్తించిన పెద్దవాటిని, పక్క నుంచి రంధ్రాలు వేసి, కొద్దిపాటి పేలుడు మందుతో దింపేశాం. కొండ తలమీద వాననీటిని పక్కకు తిప్పే కాలువ తవ్వించాం. ఉత్తరం వైపు తవ్వకాన్ని తూర్పుకు తిప్పి, పని ఫేస్ దక్షిణానికి కాక పడమరకు చూసేలా మార్చాం. 42 డిగ్రీల గీత పడమటి ముఖంలో బయటికి తేలదు. ఈ ఒక్క మార్పే వెడ్జ్‌ల బెడదను చాలావరకు తీసేసింది, దీనికి ప్లాను గీతలు మార్చిన ఖర్చు తప్ప మరేం కాలేదు.

కుప్పలు ఎందుకు పెరిగాయి

ఇది రాతిశాస్త్రం కాదు, కూలి లెక్క. డ్రిల్లర్లకు అడుగు చొప్పున, టిప్పర్లకు ట్రిప్పు చొప్పున, ప్రొక్లెయిన్‌కు నింపిన లోడు చొప్పున డబ్బు. బెంచి మీది చూర మట్టి కలిసినది, క్రషరుకు పనికిరాదు. దాన్ని తీస్తే ఎవరికీ ఒక్క రూపాయి రాదు, ఆ గంటలు ఆదాయం పోతుంది. భద్రతా సమావేశాల్లో "బెంచీలు శుభ్రంగా ఉంచండి" అని ఎంత చెప్పినా కుప్ప ఎందుకు కదలలేదో ఇప్పుడు అర్థమవుతుంది. మేనేజరుతో కూర్చుని, చూర ట్రిప్పుకూ కంకర ట్రిప్పుకూ ఒకే రేటు కట్టించాం, దానికి వేరే రిజిస్టరు పెట్టించాం. యజమాని మొదట ససేమిరా అన్నారు. కంప్రెసర్ మరమ్మతు బిల్లు, ఆగిపోయిన రోజుల నష్టం పక్కన పెట్టి చూపించాక ఒప్పుకున్నారు. కుప్పలు మళ్లీ పెరగలేదు.

వాన నియమం గురించి ఒక మాట. రోజుకు 50 మిల్లీమీటర్లు దాటితే ఆ రోజు గోడల కింద పని ఉండకూడదని ముందు రాశాను. ఆ అంకె క్వారీ డైరీ, వానమాపకం చూసి ఎంచుకున్నది, ఆకాశం నుంచి దిగింది కాదు. దాన్ని చదివి వినిపించినప్పుడు పాత మేట్ (పని చూసే మేస్త్రీ) ఒకాయన అడ్డుతగిలారు: "సార్, వాన పడేటప్పుడు ఈ కొండ ఊరుకుంటుంది. ఎండ కాసిన రెండో రోజు వదులుతుంది. మా నాన్న కాలం నుంచి ఇంతే." డైరీ తిరగేస్తే రాళ్లు పడినట్టు రాసిన రోజుల్లో ఎక్కువ వాన వెలిశాక వచ్చినవే. కారణం కూడా కుదురుతోంది. పైన చివికిన ఖొండలైట్ నీళ్లు పీల్చుకుని, కింద చార్నొకైట్ పగుళ్లలోకి నెమ్మదిగా వదులుతుంది. పగుళ్లు నిండేది వాన ఆగాకే. నియమాన్ని వాన వెలిసిన తర్వాత మరో రెండు రోజులకు పొడిగించాం. ఆ రోజుల్లో ఉదయం మేట్ పిన్నులు కొలిచి సంతకం చేసేదాకా పని మొదలుపెట్టే సైరన్ మోగదు. కార్మికుల్లో ఒడియా మాట్లాడేవారు ఎక్కువ కాబట్టి గీత దగ్గర బోర్డు తెలుగులోనూ ఒడియాలోనూ పెట్టించాం. అసలు పని చేసేది మాత్రం బోర్డు కాదు, దాటడానికి వీల్లేని కట్ట.

ఇప్పటికి ఉన్న స్థితి

ఉత్తరపు గోడకు ఆ తర్వాత ఒక వానాకాలం గడిచింది. రాళ్లు పడ్డాయి, కందకం దాటలేదు. ఇలాంటి కేసు చేపట్టే కొత్తవారికి చెప్పేది: భద్రతా గుణకం అడిగితే ఏ గోడకు, ఏ దిశకు అని ఎదురడగండి. నమూనా కట్టే ముందు బెంచీల మీదికి ఎక్కి చూడండి. కూలి ఎలా లెక్కకడతారో నివేదికలో ఒక పేరా రాయండి, వింతగా అనిపించినా సరే.

పాత గోడలోని ఖొండలైట్ పట్టీ సమస్య తీరలేదు. అక్కడి పిన్నుల మధ్య దూరం వానాకాలంలో కొన్ని మిల్లీమీటర్లు పెరిగింది, ఎండాకాలంలో పెరగడం ఆగింది, వెనక్కి మాత్రం తగ్గలేదు. వరుసగా వానాకాలాల్లో ఇలాగే పెరిగితే పొరలు ఒరుగుతున్నాయనే అర్థం. పైనుంచి దించడం తప్ప దానికి మార్గం లేదు, దానికి కొండ తలమీదికి టిప్పరు దారి కావాలి, దారి పక్క లీజు హద్దు మీదుగా పోవాలి. ఆ అనుమతి కోసం యజమాని తిరుగుతున్నారు. అప్పటిదాకా ఆ పట్టీ కింద లోడింగ్‌కు నేను సంతకం పెట్టలేదు. అక్కడ కూడా కట్ట వేసి, మేట్ పిన్నుల కొలతలు వారానికోసారి పంపుతున్నారు.